దీపం మీది మూత

పెద్దల్లుడు పళ్ళచక్రాన్ని గుడ్డతో తుడిచి, బల్లమీద గీసిన గుండ్రంలో పెట్టి మీట నొక్కాడు. చక్రం అంచున పొడిచిన చుక్కల గడిని పైనున్న కెమెరా చూసింది. గోరంత గడి అది. చక్రం పుట్టుపూర్వోత్తరాలన్నీ అందులోనే ఉంటాయి. కెమెరా చదవగలిగితే ఆకుపచ్చ దీపం, లేకపోతే ఎర్రది. ఏళ్ళ తరబడి ఆయన ఉద్యోగం ఆ రెంటి వంక చూడడమే.

షెడ్డులో అందరూ ఆయన్ని పెద్దల్లుడనే పిలుస్తారు. ఎందుకంటే ఆ చివర, పొడిచే యంత్రం పిడి పట్టుకుని చక్రాల మీద చుక్కలు పొడిచేవాడు చిన్నల్లుడు. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళను చేసుకున్న తోడల్లుళ్ళు. చిన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ పనిలో పెట్టించింది పెద్దాయనే. అంతకన్నా బుద్ధితక్కువ పని జన్మలో చెయ్యలేదని ఆయన నమ్మకం. ఏడాది తిరక్కుండా వాడు అందరికీ మాస్టరైపోయాడు. అత్తగారి సంగతి సరేసరి. చిన్నల్లుడొస్తే లేచి కుర్చీ వేస్తుంది. ఈయనొస్తే, "ఆ తలుపు కాస్త దగ్గరికెయ్యి నాయనా, గాలి కొడుతోంది" అంటుంది.

భార్య మాత్రం తక్కువ తిన్నదా? నిన్న అన్నం వడ్డిస్తూ, "మా మరిది అమ్మావాళ్ళింట్లో కుళాయి బాగుచేశాడట. మీరేమో మనింట్లోది కారుతుంటే కింద బక్కెట్టు పెట్టారు" అంది. ఆయన కంచం పక్కకు నెట్టి లేచాడు.

ఆ బక్కెట్టు మాట పొద్దున బల్ల దగ్గరికి కూడా వెంట వచ్చింది. తలెత్తితే, కెమెరా పక్కనుంచి చక్రాల మీదికి వెలుగు కొట్టే పెద్ద దీపం మీద మూత కనిపించింది. ఏదో డబ్బాది, పాలరంగు ప్లాస్టిక్ మూత. ఎప్పుడో ఆయన కళ్ళు నీళ్ళు కారుతుంటే, "వెలుగు సూటిగా కొడితే ఎలా అన్నయ్యా" అంటూ చిన్నల్లుడే తీగతో కట్టిపెట్టాడు. నా బల్ల మీద కూడా వీడి పెత్తనమేనా అనిపించింది. తీగ విప్పి, మూతను సొరుగులో పడేశాడు.

తర్వాత పెట్టిన చక్రానికి ఎర్రదీపం వెలిగింది. ఆ తర్వాతదానికీ ఎర్రదే. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఆ మాట చెప్పుకోవాలి, ఆయన పనిదొంగ కాదు. అయినా ఎర్రదే. మూత తీసిన దీపం సంగతి ఆయనకు తట్టనే లేదు. మాస్టరు పొరపాటు చేశాడన్న సంబరం లోపల చల్లగా పాకుతుంటే ఇంకేం తడుతుంది? ఎర్రదీపం వెలిగినవాటిని పడేసే ఎర్రట్రే నిండింది.

సూపర్‌వైజరు వచ్చి చూసి మొహం చిట్లించాడు. "మాస్టరు పొడిచినవేనా ఇవి?"

"మరి నేను పొడిచానా?" అన్నాడు పెద్దల్లుడు, నవ్వు ఆపుకుంటూ.

ట్రే అటు వెళ్ళింది. చిన్నల్లుడు ఒక చక్రం కళ్ళ దగ్గర పెట్టుకుని చూడడం, దాన్ని దించి తన కుడిచెయ్యి చాపి చూసుకోవడం ఇక్కణ్ణుంచే కనిపించింది. ఈమధ్య చెయ్యి వణుకుతోందని వాడు చెప్పింది ఒక్క పెద్దల్లుడికే.

భోజనాల వేళకు రెండో ట్రే కూడా సగమైంది. కళ్ళు మండి, తల పగిలిపోతోంది. ఓర్చుకోలేక సొరుగులోంచి మూత తీసి దీపానికి తగిలించాడు. అలవాటుకొద్దీ ఎర్రట్రేలోని చక్రం ఒకటి పెట్టాడు. ఆకుపచ్చ. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. ట్రేలో ఉన్నవన్నీ అంతే. మెరిసే ఉక్కు మీద సూటిగా పడిన వెలుగు చుక్కల్ని మింగేసిందన్నమాట.

లేచి వెళ్ళి చెప్పాలి. షెడ్డు ఆ చివరికి ఎంత దూరమని? కానీ లేవలేదు. ఇన్నేళ్ళు నేను ఉడకలేదా, వాణ్ణీ ఒక్కపూట ఉడకనీ, రేపు చెబుదాం అనుకున్నాడు.

సాయంత్రం చిన్నల్లుడే వచ్చాడు. చేతులు కడుక్కుని, భుజాన సంచీ వేసుకుని ఉన్నాడు.

"మానేశాను అన్నయ్యా. ఆఫీసులో చెప్పేశాను. చేత్తో పనిలేని ఉద్యోగం ఏదైనా చూసుకుంటా."

పెద్దల్లుడు కుర్చీలోంచి సగం లేచాడు.

"చెయ్యి పోయిందని నాకు అనుమానంగానే ఉంది. ఒప్పుకోడానికి భయమేసింది, అంతే. ఇంకొకరైతే మొహమాటపడి వదిలేసేవారు. నువ్వు కాబట్టి పట్టుకున్నావు."

"నీ చేతికేం, బాగానే ఉంది" అన్నాడు పెద్దల్లుడు. "చాలా బాగా పొడుస్తావు. నీలా ఎవరూ పొడవలేరు."

చిన్నల్లుడు నవ్వాడు. "ఇన్నేళ్ళలో నన్నొక్క మంచిమాట అనలేదు నువ్వు. ఇవాళ అంటున్నావంటే పని ఎంత పాడైందో తెలుస్తూనే ఉందిలే."

మూత సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఎందుకు తీశావంటాడు. ఎందుకు తీశాడో చెప్పడానికి పెద్దల్లుడి దగ్గర మాట లేదు. మింగేశాడు.

చిన్నల్లుడు పైకి చూశాడు. మూత వంకరగా వేలాడుతోంది. సంచీ కింద పెట్టి, వణుకుతున్న వేళ్ళతోనే దాన్ని సరిచేసి, తీగ బిగించాడు.

"కళ్ళు జాగ్రత్త అన్నయ్యా" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఒక్కొక్కరే వెళ్ళారు. యంత్రాలు ఆగాయి. పెద్దల్లుడు దీపం ఆర్పడానికి చెయ్యెత్తి, అలాగే ఉండిపోయాడు. మూత తిన్నగా ఉంది. తీగ కొస ఆయన చేతికి గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది.