కొమురమ్మ నా మీద ఉన్నన్నాళ్లు

నేను ఒక గోడను. పశువుల దవాఖాన ప్రహరీలో చౌరస్తా వైపు పడ్డ ముక్కను. పశువులు బయటికి పోకుండా నన్ను కట్టారో, మనుషులు లోపలికి రాకుండా కట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. పశువులు బుద్ధిగా గేటులోంచి పోతాయి. మనుషులే నన్ను దూకుతారు. సిమెంటు కన్నా ఇసుక మీద ఎక్కువ నమ్మకమున్న కాంట్రాక్టరు నన్ను కట్టించాడు. అయినా నిలబడ్డాను. ఎలా నిలబడ్డానో ఆయనకూ ఆశ్చర్యమే అయి ఉంటుంది.

నేను ఎవరి సొత్తునో కూడా సరిగ్గా చెప్పలేను. ఎన్నికలు దగ్గర పడితే ఒక పార్టీవాళ్లు వచ్చి సున్నం కొట్టి, ఈ గోడ మాకు రిజర్వు అని రాసిపోయేవారు. తెల్లారేసరికి ఇంకొకరు దాన్ని చెరిపేసి అదే మాట తమ పేరున రాసుకునేవారు. దవాఖాన డాక్టరును మాత్రం ఎవరూ అడగలేదు. ఎన్నికలైపోతే బనియన్ల ప్రకటనలు, ట్యూషన్ల నంబర్లు, సినిమా పోస్టర్లు. ఇచ్చట మూత్రము పోయరాదు అని కూడా ఎవరో పెద్ద అక్షరాలతో రాయించారు. వాటిని తీరిగ్గా చదువుకుంటూ అక్కడే పోసేవారు. చదువు వల్ల ఏమవుతుందో నాకు అప్పట్నించీ అనుమానమే.

నాలో శుభ్రంగా ఉన్నది కొమురమ్మ కూర్చునే మూల ఒక్కటే. పొద్దున్నే బంతి, చామంతి, కనకాంబరం బుట్టల్లో తెచ్చి, నాకు వీపు ఆనించి దండలు అల్లేది. ఇంట్లో భర్త మంచం పట్టాడు. పొయ్యి వెలగాలంటే ఆ బుట్టలు ఖాళీ కావాలి. ఎండ నెత్తికెక్కేదాకా నా నీడ ఆమెదే.

అలాంటి రోజుల్లో నగరానికి ఉన్నట్టుండి మా మీద ప్రేమ పుట్టింది. గోడలన్నిటికీ బొమ్మలు వేయిస్తారట, రంగులూ నిచ్చెనలూ నగరమే ఇస్తుందట, ఏం వేయాలో బస్తీవాళ్లే చెప్పాలట. బొమ్మలేసే అమ్మాయి మైథిలి వచ్చి అందరినీ కూర్చోబెట్టి అడిగింది. ఒకరు అమ్మవారిని వేయమన్నారు. ఈ గోడ దగ్గర జనం చేసే పని తెలిసి అమ్మవారినెలా వేస్తారని ఇంకొకరు లేచారు. క్రికెట్ ఆటగాడన్నారు, ఎడ్లబండి అన్నారు. మాటా మాటా పెరిగాక ఎవరో ఆడమనిషి, "గీ కొమురమ్మనే ఎయ్యరాదు? రోజు చూస్తనే ఉంటిమి గదా!" అంది. చిత్రమేమిటంటే అందరూ ఒప్పుకున్నారు.

మైథిలి ముఖం వేసింది. చుట్టూ ఉన్న బంతిపూలన్నీ బస్తీ ఆడవాళ్లు వేశారు. కొన్ని పూలు గారెల్లా వచ్చాయి, అయినా నాకు నచ్చాయి. ఎన్నో రంగులు మోశాను గానీ నన్ను ఎవరూ అంత మెల్లగా తాకలేదు. కొమురమ్మ ఎదురుగా నిలబడి తన బొమ్మను చూసుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు గర్వమేసింది. ఎందుకో మాత్రం అడగకండి, బొమ్మ నాది కాదు, ముఖం నాది కాదు.

ప్రారంభోత్సవం రోజున గందరగోళం మొదలైంది. మన దగ్గర దేనికి తెర తీసినా దండ పడాల్సిందే కదా. కార్పొరేటరు గారు అలవాటుగా బొమ్మ నుదుట కుంకుమ పెట్టి, మేకు కొట్టించి పెద్ద బంతిదండ వేసి, అగరొత్తులు వెలిగించి చేతులు జోడించారు. జనమూ జోడించారు. ఆ దండ పొద్దున కొమురమ్మ అల్లి ఇచ్చిందే.

ఆమె ముఖం మాడిపోయింది. "మీ మెడలకనుకొని అల్లితి సారూ. బతికున్న మనిషికి గిట్ల దండేస్తరా?" అంది. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు.

మర్నాడు నా పక్కన బోర్డు పాతారు. చిత్రం ఉన్న గోడ ముందు దుకాణాలు పెట్టరాదు. కార్పొరేషన్ ఇంజనీరు సారు మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, బొమ్మ కనబడాలె గదా! నువ్వు అడ్డం కూసుంటె ఫొటోలెట్ల తీస్కుంటరు?" కొమురమ్మ కనబడటానికి కొమురమ్మ అడ్డమా? నేను రాయినీ ఇటుకనూ, నా బుర్ర అంతవరకే పనిచేస్తుంది. ఆమెను బస్టాపు వెనక సందులోకి పంపారు.

పాత గిరాకులు అలవాటుగా నా దగ్గరికే వచ్చారు. మనిషి లేదు, బొమ్మ ఉంది, బొమ్మకు ఎండిన దండ ఉంది. ఇంకేం అడుగుతారు? "అయ్యో, మంచి మనిషి" అని నిట్టూర్చి, ఎదురు దుకాణంలో పూలు కొనుక్కుని పోయారు. ఒక పెద్దాయన రెండు చామంతులు నా మొదట్లో పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. సందులో ఆమె బుట్టలు సాయంత్రానికి కూడా నిండుగానే ఉండేవి. వాడిన పూలు మురుగు మోరీలో పోసి ఇంటికి పోయేది. నేను అరవగలిగితే ఆ పెద్దాయన చెవిలో అరిచేదాన్ని.

మైథిలి ఆఫీసు చుట్టూ తిరిగింది. బొమ్మ వేయడానికి పథకం ఉంది, తీయడానికి లేదన్నారు. బోర్డు తీయమంటే, బొమ్మ ఉన్నన్నాళ్లు బోర్డు ఉంటుందన్నారు. ఆ మాటను ఆమె మోసుకొచ్చి చెప్పగానే కొమురమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, సున్నం తడిపింది.

ఇద్దరూ పొద్దున్నే వచ్చారు. మైథిలి పూల మీద సున్నం వేసింది, చీర మీద వేసింది, ముఖం దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోయింది. "నా వల్ల కాదమ్మా" అని ఏడ్చింది.

"నా ముఖమే గద బిడ్డా, ఇటియ్యి." కొమురమ్మ కుంచె తీసుకుని, తన కళ్లలోకి తనే కాసేపు చూసి, పూసేసింది. సున్నం చల్లగానే ఉంది గానీ నాకు నొప్పి పుట్టింది.

ఇంజనీరు సారు పరుగెత్తుకొచ్చాడు. "ఏం పని జేసినవమ్మా ఇది!"

"బొమ్మ ముంగట కూసోవద్దంటిరి. బొమ్మ లేదు, కూసుంటున్న."

ఆయన బోర్డును చూశాడు, నన్ను చూశాడు, చెమట తుడుచుకుని జీపెక్కాడు. ఆమె బుట్టలు దించి, తడి ఆరిందో లేదో చూడకుండా, ఎప్పట్లాగే నాకు వీపు ఆనించింది. గిరాకు వచ్చి లేచేసరికి రవికె నిండా సున్నం, నా మీద ఆమె వీపు అచ్చు. అటుగా పోతున్న కుర్రకారు ఆగి, భలే ఉందంటూ దానికి ఫొటోలు తీస్తున్నారు. బోర్డు ఇంకా నా పక్కనే ఉంది. నాకు భయంగా ఉంది.