రాగి అనుమానం

నేను ఒక గాజు తొట్టిని. అద్దాల కొట్లో పుట్టి, రంగుచేపల దుకాణంలో పెరిగి, ఒక పెద్ద సముద్రపు అక్వేరియం కింద చెక్క అరలో కాపురం చేశాను. నా ఒంట్లో దాపరికానికి చోటు లేదు. ఏ పక్కనుంచి చూసినా అవతలి పక్క కనిపిస్తుంది. అయినా నన్ను అనుమానించినట్టు మనుషులు దొంగని కూడా అనుమానించరు. వాళ్ల మధ్య ఉండి ఉండి ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఇప్పుడు ఎవరైనా నా మీదికి వంగితే ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను.

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక మేస్త్రీ నన్ను కోసి అతికించాడు. అతుకులు ఆరాక నీళ్లు నింపి, కింద పాత పేపర్లు పరిచి, అవి తడుస్తాయేమోనని పక్కనే కాపలా కూర్చున్నాడు. తన చేత్తో తాను అతికించినదాన్నే నమ్మని మనిషి! నా మీద పడిన మొదటి చూపే అలాంటిది.

అక్కణ్ణించి గాజువాకలో ఒక రంగుచేపల దుకాణానికి వెళ్లాను. నాలో గప్పీలు ఉండేవి. చిన్న చేపలు, తోకలు ఊపడం తప్ప వేరే పని లేనివి. నా పక్క తొట్టిలో జబ్బు చేసిన చేపల్ని వేసి నీలం రంగు మందు కలిపేవారు. ఆ మందులో రాగి ఉంటుందనీ, అది చేపల్ని బతికిస్తుంది గాని రొయ్యల్నీ మెత్తటి సముద్రపు జీవాల్నీ చంపేస్తుందనీ దుకాణాయన కొనేవాళ్లకి చెబుతుంటే విన్నాను. నాలో మాత్రం ఆ మందు ఒక్క చుక్క కూడా పడలేదు. ఈ సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సినచోట చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

దుకాణం ఎత్తేసినప్పుడు నన్ను తాతబాబు అనే ఆయన కొన్నాడు. పెళ్లి పందిళ్లకి లైట్లు కట్టడం అతని పని. కొన్నది తన కోసం కాదు, అక్క మొగుడు సత్యారావు కోసం. సత్యారావు పోర్టులో క్రేన్ల దగ్గర ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. బదిలీ మీద వెళ్లిపోతున్న నేవీ ఆఫీసరు దగ్గర ఆరడుగుల సముద్రపు అక్వేరియం కొని హాల్లో పెట్టుకున్నాడు. దాని కింద ఉండాల్సిన తొట్టి మాత్రం రాలేదు. పైతొట్టిలో పొర్లిన నీళ్లు గొట్టంలోంచి కింది తొట్టిలోకి దిగాలి, అక్కడ స్పాంజినీ రాళ్లనీ దాటుకుని శుభ్రపడాలి, మోటారు వాటిని మళ్లీ పైకి తోయాలి. దాన్ని సంపు అంటారు. కొత్తది కొనాలంటే చెప్పిన ధర విని సత్యారావు దుకాణం మెట్లు దిగొచ్చేశాడు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము చూశాడు, అరలో పట్టలేదు. బట్టలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె చూశాడు, నీళ్లు పోస్తే పొట్ట ఉబ్బింది. చివరికి నా మీద పడ్డాడు.

పడ్డాడంటే, ఊరికే కాదు. నా మూలలు వాసన చూశాడు. అతుకు మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఇందులో రాగి మందెయ్యలేదని నీకెలాగ తెలుసురా?" అని బావమరిదిని అడిగాడు.

"దుకాణాయన సెప్పాడు బావా."

"అమ్మేవోడు ఏశానని సెప్తాడేటి?"

"గప్పీలు తప్ప దీనికి ఇంకేటీ తెలవదు బావా. ఒట్టు."

"ఆ ఒట్టు కూడా తొట్టితోపాటే ఇచ్చాడేటి నీకు?"

తాతబాబు నవ్వేశాడు. సత్యారావు నవ్వలేదు. నన్ను వెనిగర్‌తో కడిగి, నీళ్లు నింపి నానబెట్టి, రాగిని పట్టించే చుక్కమందు తెచ్చి ఒక గాజు గొట్టంలో వేసి చూశాడు. రంగు మారలేదు. అయినా గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి భార్య వరహాలుని పిలిచాడు.

"నీలంగా ఏం లేదు కదా?"

"నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మీకు నీలమే కావాలంటే బట్టలకి పెట్టేది ఉంది, తెచ్చిస్తాను" అంది వరహాలు.

నాలో అడ్డంగా గాజుపలకలు అతికించి గదులు చేశాడు. కరెంటు పోతే పైనీళ్లన్నీ నా మీదికి వస్తాయి, నేను ఆపగలనా అని మరో అనుమానం. చుట్టూ తువ్వాళ్లు పరిచి మోటారు కట్టేశాడు. నీళ్లు అంచు దాకా వచ్చి ఆగాయి. తువ్వాళ్లు పొడిగా ఉన్నాయి. మనిషి మొహం మాత్రం అప్పటికీ తేలిక పడలేదు.

ఆ ఇంట్లో నన్ను ఏమీ అడగని మనిషి ఒక్కరే, సత్యారావు తల్లి నూకాలమ్మ. ఎనభై దాటిన మనిషి. తుంటి విరిగినప్పట్నించీ బీచికి వెళ్లడం మానేసింది. రోజూ పైతొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. అందులో ఎనిమోన్ అని ఒక జీవం ఉండేది. వేళ్లన్నీ విప్పి పువ్వులా ఊగేది. రెండు నారింజరంగు చేపలు దాని ఒళ్లో పడుకునేవి. నూకాలమ్మ దాన్ని "నా సంద్రప్పువ్వు" అనేది. అన్నం తినేముందు దానికి మేత వేశారో లేదో అడిగేది.

కార్తీక మాసంలో ఒక సోమవారం, కొడుకు డ్యూటీకీ కోడలు మార్కెట్‌కీ వెళ్లాక, ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి నా అర తలుపు తీసింది. ఈవిడ కూడా ఏదో వెతకడానికే వచ్చిందనుకున్నాను. ఆవిడ చిన్న పీట మీద కూర్చుని, నాలో వేళ్లు ముంచి, నీళ్లు నెత్తిన చల్లుకుంది. పైతొట్టికి మూత ఉంది, అంత ఎత్తు చెయ్యి చాచలేదు. నాకు మూత లేదు. చెంగు ముడి విప్పి ఒక చిల్లు కానీ తీసి కళ్లకద్దుకుంది.

"సంద్రుడా, నేను నీ కాడికి రాలేను. నువ్వే మా ఇంటికొచ్చావు. సల్లగా సూడు తండ్రీ" అని నాలో వేసింది.

వాళ్లమ్మ ఇచ్చిన పాత రాగి కానీలవి. ఆవిడ చెంగున అవి ఉంటాయని ఇంట్లో అందరికీ తెలుసు. ప్రతి సోమవారం ఒకటి నా రాళ్ల కిందికి జారింది. ఉప్పునీళ్లలో రాగి ఊరుకుంటుందా? నాకు తెలుస్తూనే ఉంది. మోటారు మాత్రం ఆ నీళ్లని పైకి తోస్తూనే ఉంది.

ముందు రొయ్యలు చచ్చాయి. తరవాత పువ్వు వేళ్లు ముడుచుకుంది, నోరు తెరుచుకుంది, ఒక మూలకి కొట్టుకుపోయి రాలిన ఆకులా పడింది. సత్యారావు చుక్కమందు వేశాడు. గొట్టం నీలంగా తిరిగింది.

"అప్పుడే అన్నాను. అతుకుల్లో దాక్కున్న రాగి ఇప్పుడు దిగుతోంది" అని నన్ను వేలితో పొడిచాడు.

"మొదట చూసినప్పుడు లేదుగా?" అంది వరహాలు.

"మెల్లిగా దిగుతుంది. మీ తమ్ముడు చవగ్గా వస్తోందని చచ్చు తొట్టి తెచ్చి అంటగట్టాడు."

"మా తమ్ముడు అబద్ధం ఆడడు."

"ఆడాడని అన్నానా?"

"అన్నారు" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆ తరవాత మొగుడికి కంచం పెట్టేది గాని మాట పెట్టేది కాదు. సత్యారావు ఫోన్‌లో బావమరిదిని ఎన్ని మాటలన్నాడో అరలో ఉన్న నాకే తెలుసు.

పువ్వు చచ్చిపోయిన రోజు నూకాలమ్మ కుర్చీ గోడవైపు తిప్పుకుని ఏడ్చింది. "తాతబాబుగాడి తొట్టి నా పువ్వుని మింగేసింది" అంది. అన్నం ముట్టలేదు.

చేపల్ని కొత్త సముద్రపు నీళ్లు పోసిన డ్రమ్ములోకి మార్చారు. మర్నాడు తాతబాబు ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. గుమ్మంలోనే, "నా తొట్టి నేను పట్టుకుపోతాను బావా" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇద్దరూ నన్ను బాల్కనీలోకి మోసి నీళ్లు వంపారు. తాతబాబు రాళ్లు ఒక్కొక్కటే తీస్తున్నాడు. అడుగున చెయ్యి పెట్టిన మనిషి ఆగిపోయాడు. పిడికిలి తీసి విప్పాడు. పచ్చగా చిలుము పట్టిన చిల్లు కానీలు.

సత్యారావు చూశాడు. ఎవరివో అడగనక్కర్లేదు. హాల్లో తల్లి కుర్చీవైపు తిరిగాడు.

నేను కాచుకుని ఉన్నాను. ఇప్పుడు అరుస్తాడు తాతబాబు, ఇల్లంతా వినేలా అరుస్తాడు అనుకున్నాను. అరవాలనే కోరుకున్నాను. పడ్డ మాటలు అతనొక్కడివే కావు, నావి కూడా.

హాల్లోంచి నూకాలమ్మ కేకేసింది. "ఏటయ్యిందిరా? ఏటి దొరికింది?"

తాతబాబు పిడికిలి మూసుకుని జేబులోకి దూరింది.

"ఏటీ లేదత్తా. నత్తగుల్లలు."

సత్యారావు గొంతు తగ్గించి, "నేను సెప్తాను అమ్మకి. నీ మీద మాట పడకూడదు" అన్నాడు.

"సెప్పి? ఆ పువ్వుని తనే సంపేసిందని ఈ వయసులో ఆవిడికి తెలియాలేటి? ఒగ్గీ బావా."

"మరి నువ్వు?"

"నాకేటి? పందిట్లో బల్బు ఎలక్కపోతే ఊరంతా తిడతారు నన్ను. అలవాటే."

భోజనం చెయ్యందే కదలనివ్వనని వరహాలు అడ్డం నిలబడింది. బాల్కనీ తలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. సంద్రప్పువ్వుకి ఏడ్చిన ఇంట్లో ఆ పూట వంజరం చేప పులుసు. మనుషుల లెక్కలు నాకు అందవు. నూకాలమ్మ కుర్చీలోంచి తాతబాబునే చూస్తూ, "వస్తువు సూసుకుని కొనాలిరా నాయినా. సవకని ఎగబడకూడదు" అంది.

"ఔనత్తా. ఇకనించి సూసుకుని కొంటాను."

సత్యారావు తన కంచం పక్కకి జరిపాడు. లేచి, పులుసు గిన్నె తనే అందుకుని, అందులో పెద్ద ముక్క ఏరి బావమరిది కంచంలో వేశాడు. ఆ ఇంట్లో ఆయన ఎవరికీ వడ్డించగా నేను చూడలేదు. వరహాలు మొగుడి మొహం చూసింది, తమ్ముడి ఉబ్బిన జేబువైపు చూసింది. మంచినీళ్ల గ్లాసు మొగుడి ముందు పెట్టి, "తినండి" అంది.

నన్ను ఆటో ఎక్కించాక సత్యారావు కూడా ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. బీచి రోడ్డు మీద ఆపించి, తాతబాబు దగ్గర కానీలు తీసుకుని ఒక్కడే ఇసకలోకి దిగాడు. తిరిగి వచ్చినప్పుడు ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది. మల్కాపురంలో తాతబాబు ఇల్లు చేరేదాకా నా అంచు పట్టుకునే కూర్చున్నాడు.

ఇప్పుడు నా అతుకుల్లో నిజంగానే రాగి ఉంది. ఏదని అనుమానించారో చివరికి అదే అయ్యాను. సముద్రానికి ఇక పనికిరాను. తాతబాబు నాలో మట్టి పోసి వరండాలో పుదీనా వేశాడు. సత్యారావు ఇప్పుడు ప్రతి సోమవారం తల్లిని కారులో బీచికి తీసుకువెళ్తున్నాడట. "ఇంట్లో సంద్రం పెట్టుకుని ఇంత దూరం దేనికిరా?" అని ఆవిడ గొణుగుతూనే కారెక్కుతుందట.

మొన్న పుదీనా కోసి అక్క ఇంటికి పంపాడు తాతబాబు. సాయంత్రం వరహాలు ఫోన్ చేసింది. ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. తాతబాబు మాటే వినపడింది.

"నేను పంపిన పుదీనా అని అత్త అనుమానపడిందేటి? తప్పులేదక్కా. రెండుసార్లు కడిగి పెట్టు. ఆవిడ ముందే కడుగు, నమ్మకంగా తింటాది."

ఫోన్ జేబులో పెట్టుకుని, చెంబుతో నీళ్లు తెచ్చి నా మొక్కలకి పోశాడు. నేను అతని చేతుల వైపు చూశాను. నీళ్లే.