గుసుల్ లేకుండా పోయిన ఖతీజాబీ

కొల్లాపూర్‌లో ముస్లిం ఆడవాళ్లు ఎవరు కన్నుమూసినా మొదటి కబురు ఖతీజాబీకే వెళ్లేది. రేగాకు వేసి నీళ్లు కాచి, శవానికి చివరి స్నానం, అదే గుసుల్, చేయించేది ఆమె. మంచం పట్టిన చెల్లెలు ముబషిరా ఎప్పుడూ ఒక్కటే అడిగేది.

"ఆపా, నన్ను మాత్రం వేరేటోళ్ల చేతులల్ల పెట్టకు."

"నా చేతులతోనే సాగనంపుత. పరేషాన్ గాకు," అని ఖతీజాబీ మాటిచ్చింది.

2008 ఎండాకాలంలో సర్కారుకు కొత్త భయం పట్టుకుంది. టెర్రరిస్టులు బస్టాండులో రోగపు క్రిములు చల్లితే ఏం చేయాలో ముందే సాధన చేయాలట. మామూలు జ్వరానికి గోలీలు దొరకని దవాఖానకు, రాని రోగం కోసం తెల్ల సూట్లూ ప్లాస్టిక్ సంచులూ లారీలో వచ్చి దిగాయి. అన్నీ ఉన్నాయి, శవమే లేదు. ఉత్తుత్తిగానైనా శవంలా పడుకోవడానికి ఊళ్లో ఎవరు ఒప్పుకుంటారు? శవాన్ని వెతికే పని దవాఖానలో నర్సుగా ఉన్న ఖతీజాబీ కూతురు గజాలా నెత్తిన పడింది. ఆ పిల్ల తల పట్టుకుని ఇంటికొచ్చింది.

"నేను పండుకుంట తియ్," అంది ఖతీజాబీ. "సచ్చినోళ్లంటే నాకేం భయం?"

మర్నాడు బస్టాండులో జనం విరగబడ్డారు. ఖతీజాబీ కళ్లు మూసుకుని నేల మీద పడుకుంది. ముఖాలు కనిపించని తెల్ల సూట్లవాళ్లు ఆమెను ఎత్తి సంచిలో వేసి జిప్పు లాగారు. మైకులో ఆఫీసరు చెబుతున్నాడు: "ఈ శవాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కడగకూడదు. ఇంటివాళ్లకు ఇవ్వం. లోతుగా గుంట తీసి, సున్నం పోసి పూడుస్తాం."

కడగకుండానా? లోపల ఖతీజాబీ ఒళ్లు చల్లబడిపోయింది. వద్దని అరుద్దామనుకుంది. నోరు పెగల్లేదు. కాళ్లూ చేతులూ తనవి కానట్టు పడి ఉన్నాయి. జీపులో ఊరి బయటికి తీసుకెళ్లి, గుంట పక్కన దించి, జిప్పు తీసి, "అయిపోయిందమ్మా, ఇక లే" అన్నారు. చేతిలో మజ్జిగ ప్యాకెట్ పెట్టి పంపించారు.

ఆనాటి నుంచి వాడ మారిపోయింది. ఆమె ఎదురొస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. ఎదురింటి గులాం రసూల్ తల్లి చనిపోతే కబురే రాలేదు. తనే వెళితే, అతను గడపలోనే ఆపేశాడు.

"ఏమనుకోకు ఖాలా. నిన్ను గుసుల్ లేకుంట సంచిల గట్టుకపోయిండ్రు. అందరం సూసినం. గా చేతులు మా అమ్మ మీద పడొద్దు."

"అది ఆట గద బేటా!"

"ఆటనే. గని నువ్వు పోయింది అందరి కండ్ల ముంగట్నే గదా."

ఆమెకు కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. ముబషిరాకు రోజులు దగ్గరపడుతున్నాయి.

ఒక శుక్రవారం పొద్దున చెల్లెలు పోయింది. కడగడానికి వెళితే, చెల్లెలి ఇంటి వాకిట్లోనూ ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. ఖతీజాబీ వెనక్కి వచ్చి, పెరట్లో బల్ల వాల్చుకుని పడుకుంది.

"గజాలా, రేగాకు నీళ్లు కాచు. నాకు గుసుల్ చేయించు."

"అమ్మీ, బతికున్నోళ్లకు చేయిస్తరా?"

"వాళ్ల లెక్కల నేను బతికి లేను. నీళ్లు పొయ్యి బిడ్డా."

గజాలా ఏడుస్తూనే పోసింది. నీళ్ల మీద ఆవిరి లేస్తోంది గానీ ఖతీజాబీ ఒంటికి వేడి తగలడం లేదు. కూతురు పక్కకు తిప్పబోతే తానూ కాస్త కదులుదామనుకుంది. కదలలేకపోయింది. కర్పూరం నీళ్లు కూడా పోయడం అయ్యాక, చాలాసేపటికి లేచి తెల్ల చీర కట్టుకుంది.

ఈసారి ముబషిరా వాకిట్లో ఎవరూ అడ్డం రాలేదు. ఖతీజాబీ తడి జుట్టులోంచి వచ్చే కర్పూరం వాసనకు అందరూ గోడలకు అంటుకుపోయారు.

"అస్సలాము అలైకుం," అంది ఖతీజాబీ.

ఒక్కరూ పెదవి కదపలేదు. గులాం రసూల్ భార్య మాత్రం ఆమెనే చూస్తూ, పోయినవాళ్ల కోసం చదివే దువా మొదలుపెట్టింది. ఖతీజాబీకి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఆగకుండా లోపలికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, చెల్లెలి ముఖం మీది గుడ్డ తీసింది.

"వాలేకుం సలాం, ఆపా," అంది ముబషిరా. "నీ కోసమే సూస్తున్న."