దేవ్యాను పిలిచిన గొంతు

రూప్లా హిమాలయాల నుంచి తండాకు తిరిగొచ్చి వారం కాలేదు, అతని తమ్ముడు దేవీసింగ్ అక్కడికే పోవడానికి సంచి సర్దుకున్నాడు. కొండలెక్కే టూరిస్టుల గుడారాలు, వంటసామాను మోసే పని. రెండు వేల పన్నెండు ఆగస్టు అది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల కూలి దొరకడం లేదు. సాయంత్రం కామారెడ్డి స్టేషన్‌కు వచ్చెయ్యమని మేస్త్రి మైసన్న కబురు పెట్టాడు.

వాళ్లు యాడి అని పిలిచే తల్లి పార్వతిబాయికి ఇది బొత్తిగా ఇష్టం లేదు. పొద్దున్నే రూప్లా చెయ్యి పట్టుకుంది. "వాణ్ణి పోనియ్యకు బిడ్డా. నీ మాటైతే ఇంటడు."

మధ్యాహ్నం అన్నదమ్ములు వాకిట్లో రేకుల నీడన కూర్చున్నారు. లోపల తల్లి జొన్నరొట్టెలు తడుతోంది. ఎదురుగా మనిషి తల మునిగేంత ఎదిగిన మక్కచేను.

"ఎట్లుంటదే అన్నా ఆ జాగ?" హుషారుగా అడిగాడు దేవీసింగ్.

రూప్లా ఏ మాటైనా సాగదీసి, ఆగి ఆగి అంటాడు. "సూడ సక్కగనే ఉంటది. రోడ్డు ఒడిసినంక దేవదారు చెట్లు. ఇంత మీదికి పోతే చెట్లు ఒడుస్తయి. ఇంకింత మీదికి పోతే గడ్డి ఒడుస్తది. ఆటెన్క పిట్ట గూడ కూయది. రాళ్లు కుప్పలు పేర్చి ఉంటయి, గవే తొవ్వకు గుర్తు. నీ ఊపిరి నీకే ఎన్కకెళ్లి ఎవలో వస్తున్నట్టు వినవడ్తది."

"నన్ను బెదిరిస్తున్నవా, టూరిస్టులకు చెప్తున్నవా?"

"మొకం కనవడకుంట ఎవలన్న పిలిస్తే పలకద్దు. గాడ ఉండేటోళ్లు మొదలు చెప్పేది గదే."

దేవీసింగ్ పకపకా నవ్వాడు. "ఓస్ గింతేనా! గది మన యాడి గూడ చెప్తది గద. దయ్యమైతే ఒక్కపారే పిలుస్తది. మూడుపార్లు పిలిస్తే మనిషే, పలకొచ్చు."

"దోమకొండ నారాయణ గూడ గట్లనే అనుకున్నడు," అన్నాడు రూప్లా.

నారాయణ అతనితోపాటు మూటలు మోసినవాడు. ఒకనాడు మబ్బు దిగి దారి మూసుకుపోతే ఇద్దరూ రాళ్లకుప్ప దగ్గర ఆగిపోయారు. ఎక్కడో దోమకొండలో ఉన్న నారాయణ భార్య గొంతు, పక్కనుంచే అతన్ని పిలిచింది. నారాయణ పలకలేదు. వేళ్లు మడుచుకుంటూ కూర్చున్నాడు. మూడో పిలుపుకు అతని మొహం విప్పారింది. 'మనిషేనే' అన్నాడు. 'వస్తున్న' అని పలికి, వీపు మీది మూట దించి అటు నడిచాడు. మబ్బు విడిచాక చూస్తే అటువైపు నేలే లేదు.

దేవీసింగ్ నవ్వు ఆగిపోయింది. "నిన్ను పిలువలేదా?"

"పిలిచింది. నేను పలకలే."

"ఎవల గొంతు?"

"నీదేరా."

"ఒద్దు తియ్. మైసన్నకు రానని చెప్పేస్త," అంటూ దేవీసింగ్ ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"దేవ్యా!"

మక్కచేనులోంచి వచ్చింది పిలుపు. ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ పిలవని పేరు. సాగదీసే రూప్లా గొంతే అది. రూప్లా పెదవులు మూసుకునే ఉన్నాయి. గాలి లేదు. చేనులో ఒక్క ఆకైనా కదలలేదు.

"దేవ్యా!" ఈసారి ఇంకొంచెం దగ్గరగా.

రూప్లా తమ్ముడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి గట్టిగా నొక్కాడు. లోపల రొట్టెల చప్పుడు ఆగింది.

"దేవ్యా! రారా!"

"ఏందిరా, అన్న గంతగనం పిలుస్తుంటే పలకవు?" లోపలినుంచి పార్వతిబాయి కసిరింది. చేనుకు వినపడేలా గొంతెత్తింది. "ఆ! వస్తుండు బిడ్డా, తోలిస్తున్న!"

చేను నిశ్శబ్దమైంది. అరచేతి కింద తమ్ముడి ఊపిరి మంచులా తగిలింది రూప్లాకు. దేవీసింగ్ లేచాడు. రూప్లా రెండు చేతులా నడుము పట్టి వెనక్కు లాగాడు. బక్కపలచని తమ్ముడిలో ఎద్దు బలం. మడమలు మట్టిని గీరుతూ ఇద్దరూ చేనువైపే జరుగుతున్నారు.

"యాడీ! పట్టుకోయే!"

పార్వతిబాయి పిండిచేతులతో గడప దాటింది. రూప్లాను చూసి అక్కడే నిలబడిపోయింది.

"నువ్వు ఈడనే ఉంటివా?" అంది. "మరి నేను ఎవలకు మాటిచ్చిన?"