నాలుగో జత

మనవరాలికి రెండేళ్లు నిండినా నడక రాలేదు. తప్పకుండా నడుస్తుంది గానీ ఎప్పుడో చెప్పలేనన్నాడు డాక్టరు. చెప్పులు కుట్టే తాతకు దిగులు పట్టుకుంది. నాయనమ్మ మాత్రం ప్రార్థన ముగించి లేస్తూనే, "పాపకు బూట్లు కుట్టయ్యా" అంది.

"నడవని పిల్లకు బూట్లేంటే?"

"ప్రభువును అడిగాక మనం సిద్ధంగా ఉండొద్దా?"

ఆమె పోరు పడలేక ఒక జత చేశాడు. నడిచేదా, అరిగేదా అనుకుని అడుగున పల్చటి తోలు జిగురుతో అంటించి ఊరుకున్నాడు. పాదాలు పెరిగి అవి బిగుతయ్యాయి. రెండో జతా, మూడో జతా అంతే. కానీ కొలత తీసిన ప్రతిసారీ పాప కాలివేళ్లతో అతని వేలు పట్టుకుని నవ్వేది. అలా పట్టుకున్నప్పుడల్లా "ప్రభువా" అనుకోవడం అతనికి అలవాటైంది.

నాలుగోసారి ఆమె అడగనేలేదు. తనే కొలత తీసి కుట్టి తెచ్చాడు. ఆమె బూటు తిరగేసి చూసింది. అడుగున మందపాటి తోలు, రెండు వరసల కుట్టు.

"ఇంత గట్టిగా ఎందుకయ్యా?"

"నీ మనవరాలు వీధులన్నీ తిరిగితే నెలకే అరిగిపోవూ?"

ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంతలో పాప రెండో బూటు అందుకుని నోట్లో పెట్టుకుంది.

"అరిగేది తర్వాత సంగతి, ముందు కొరికేస్తోంది చూడవే!" అని తాత పకపకా నవ్వాడు.