రెండెకరాల కారు

భూములు అమ్మిపెట్టేవాడికి భూమి లేకపోయినా నడుస్తుంది, కారు లేకపోతే నడవదు. వనపర్తిలో ఏజెంటుగా దిగిన నెలకే సురేందర్‌కు ఈ సంగతి తెలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి కొనడానికి వచ్చే పార్టీలు తమ బండిని హైవే మీద హోటల్ ముందు నీడకు పెట్టుకుని, రాళ్ల బాటకు మాత్రం ఏజెంటు బండే ఎక్కుతారు. బండి లేని ఏజెంటు ఫోను ఎవడూ ఎత్తడు. అందుకని మన మహానుభావుడు ఏం చేశాడయ్యా అంటే, ఖిల్లా ఘణపూర్ దగ్గర తండ్రి ఇచ్చిపోయిన రెండెకరాలూ అమ్మేసి, ఏడు సీట్ల తెల్ల కారు కొన్నాడు. నాలుగేళ్ల కిందటి ధర కారుకు సరిగ్గా సరిపోయింది. ఊరి భూములు అమ్మడానికి సొంత భూమి అమ్ముకున్నాడు! కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ వరస.

ఈ ముచ్చట తల్లి రుక్కమ్మకు చెప్పలేదు. తండ్రి పోయాక పాసుబుక్కు కొడుకు పేరు మీదికి మారింది కనుక, అమ్మేటప్పుడు ఆమె వేలిముద్రతో పని పడలేదు. కారు కంపెనీ ఇచ్చిందన్నాడు. ఆ మాట నమ్మి ఆమె కారు ముందు కొబ్బరికాయ కొట్టింది. చేను కొన్న హైదరాబాద్ ఆసామి కూడా, మీ అమ్మనే చేసుకోనీ, కావలి ఉన్నట్టుంటుంది అన్నాడు. అలా నాలుగేళ్లుగా రుక్కమ్మ తనది కాని చేనును తనదే అనుకుని దున్నిస్తోంది, విత్తుతోంది, అడవి పందులను తరుముతోంది. సురేందర్ మాత్రం పొద్దున లేవగానే, ఈ ఒక్కరోజు ఆమెకు తెలియకుండా గడిస్తే చాలని మొక్కుకుంటాడు. ఇంత పిరికివాడికి అంత పాడుపని ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

పది రోజుల కింద ఆసామి ఫోన్ చేసి, చేను అమ్మిపెట్టు, నీ వల్ల కాకపోతే ఇంకో ఏజెంటుకు ఇస్తానన్నాడు. ఇంకొకడైతే నేరుగా వచ్చి ముసలమ్మను చేను దిగమంటాడు. సురేందర్ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని చివరికి సరేనన్నాడు. సరేనన్నాడే గాని, ఆ చేను ఎవరికీ చూపించకుండా రోజులు నెట్టుకొస్తున్నాడు.

శనివారం దినేష్, సుహాసిని అనే భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరివీ హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగాలు. పొద్దుటి నుంచి మూడు చోట్లు తిప్పాడు. ఒకచోట పైన కరెంటు తీగలున్నాయన్నారు. ఇంకోచోట శ్మశానం దగ్గరన్నారు. మూడో చోట సుహాసిని అసలు కారే దిగలేదు. అన్నం తిన్నాక దినేష్ తన ఫోన్ చూస్తూ, "ఖిల్లా ఘణపూర్ దగ్గర బోరున్న రెండెకరాలట. మీ నంబరే ఉందిక్కడ. ఇది చూపించలేదేం?" అన్నాడు. ఆసామి ఊరుకోక తానే ప్రకటన పెట్టేశాడు.

ఇక తప్పించుకునే దారి లేదు. అయితే ఏజెంట్లందరికీ ఒక కట్టుబాటు ఉంది. పార్టీ వచ్చే రోజు చేలో పనిచేసే మనిషి కనబడకూడదు. ఆ మనిషి నోరు తెరిస్తే బేరం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఎందుకైనా మంచిదని సురేందర్ ఆ పొద్దున్నే తల్లిని మేక కొనుక్కు రమ్మని పెబ్బేరు సంతకు వెళ్లమన్నాడు. సంతకు పోయిన మనిషి పొద్దుగూకితే గాని రాదు. ఆ ధైర్యంతోనే కారు చేనువైపు తిప్పాడు.

తీరా పోయి చూస్తే రుక్కమ్మ చేలోనే ఉంది. రాత్రి పందులు పడి సగం చేను తవ్వేశాయి. మిగిలిందైనా దక్కించుకుందామని సంత మానేసి పల్లిచెట్లు పీకుతోంది. కొడుకు వెంట కొత్తవాళ్లను చూసి, కొంగు నిండా పచ్చికాయలు పోసుకుని ఎదురొచ్చింది పిచ్చితల్లి. ఇంటికి చుట్టాలొచ్చినంత సంబరం ఆమె ముఖంలో.

అప్పుడే దినేష్ అడిగాడు. "ఓనర్ ఎవరు? కాగితాలు సరిగ్గా ఉన్నాయా?"

"ఓనర్ హైదరాబాద్ల ఉంటడు సార్. నాలుగేండ్ల కింద కొన్నడు. రిజిస్ట్రేషన్, పాసుబుక్కు అన్ని ఆయన పేరు మీదనే ఉన్నయ్. ఏం పరేషాన్ లేదు."

అలవాటైన నోరు, ఆపేలోపే అనేసింది. రుక్కమ్మ నడక ఆగిపోయింది.

"మీరెవరమ్మా?" అంది సుహాసిని నవ్వుతూ.

'మా అమ్మ' అని ఉండాల్సింది సురేందర్. ఒక్క మాట! పోతే పోయేది దిక్కుమాలిన బేరం. కానీ ఎనిమిది నెలలుగా ఒక్క బేరమూ కుదరని మనిషి, వాడి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"కూలామె మేడం. చేన్ల పనికొస్తది."

రుక్కమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. అతను చేతిలోని కారు తాళం వంక చూసుకున్నాడు.

"అవునమ్మా," అందామె మెల్లగా. "కూలిదాన్నే."

కూలివాళ్లు అబద్ధం చెప్పరని పట్నం వాళ్లకు ఒక నమ్మకం. దినేష్ ఏజెంటును పక్కన పెట్టి ఆమెనే అడిగాడు, నేల ఎలాంటిదని. చవిటి నేల, నీళ్లు లేవు అని ఆమె ఒక్క మాటంటే చాలు, వాళ్లు వచ్చిన దారినే పోతారు. తానన్న మాటకు అప్పటికే కుమిలిపోతూ, ఆమె అలా అనాలనే కోరుకున్నాడు సురేందర్, మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాడు. కానీ అన్నం పెట్టిన భూమిని తిట్టడం రుక్కమ్మకు చేతకాదు.

"బంగారమసొంటి భూమి సారూ. ఈ బోరు ఎండకాలం గూడ ఎన్నడు ఆగలే. నీళ్లు పడ్డనాడు పాత ఆసామి గా నీళ్లల్లనే తడుసుకుంట ఎగిరిండు. ఏమేసినా మోసం జెయ్యదు. కొనుక్కోండ్రి."

ఆ పాత ఆసామి ఆమె మొగుడు. ఆ సంగతి అక్కడ తెలిసినవాళ్లు ఇద్దరే.

దినేష్ అక్కడికక్కడే ఫోన్‌లో బయానా డబ్బు పంపించాడు. కంచె వేసి మామిడి పెడదామని సుహాసిని మురిసిపోయింది. పల్లికాయలకని ఆమె వంద నోటు ఇస్తే, రుక్కమ్మ రెండు చేతులూ చాపి తీసుకుని కళ్లకద్దుకుంది. అది చూసి సురేందర్‌కు భూమి చీలితే బాగుండనిపించింది. భూములు అలా అడగ్గానే చీలవు.

వాళ్లను హోటల్ దగ్గర దింపి వెనక్కి వచ్చాడు. దారంతా ఏడ్చాడు. ఏం చెప్పాలో వెతుక్కున్నాడు, ఏ మాటా చాల్లేదు. చేరేసరికి రుక్కమ్మ ఇంకా పీకుతూనే ఉంది.

"అమ్మా..."

ఆమె తల ఎత్తలేదు. "ఇంకొక్క సాలున్నది సారూ. అయిపోంగనే పోత."

"గట్ల పిలువకే అమ్మా! తప్పయింది. నేను నీ కొడుకునే!"

"కాయలు గాడ కుప్పేసిన. ఎవరియో వాళ్లకు జెప్పుండ్రి, తీస్కపోతరు. నా కూలి నాకియ్యిండ్రి."

సురేందర్ ఆమె కాళ్ల దగ్గర మట్టిలో కూలబడ్డాడు. రుక్కమ్మ అతన్ని తప్పించుకుని అవతలికి నడిచి, మిగిలిన సాలులోని చెట్లు పీకడం మొదలుపెట్టింది.