రాతి తొట్టి చుట్టూ

"దాన్ని మాత్రం ముట్టుకోకు. చుట్టూ ఏం చేసుకుంటావో చేసుకో," అంది ఆల్టియె ముసలమ్మ.

నాకు చిర్రెత్తింది. ముప్పై ఏళ్లుగా నెదర్లాండ్స్‌లోని ఈ గ్రోనింగన్‌లో స్నానాల గదులు బాగుచేస్తున్నాను. 'చుట్టూ చేసుకో' అన్న ఇంట్లో పని ఏనాడూ సవ్యంగా కుదరలేదు. అది పాతకాలపు రాతి తొట్టి, నడుమెత్తు ఉంటుంది. బట్టలూ అందులోనే ఉతికేవారు, పిల్లలకూ అందులోనే నీళ్లు పోసేవారు. ఇప్పుడు గదిలో సగం అదే.

"అమ్మా, వచ్చే శుక్రవారం మీ ఆయన చక్రాల కుర్చీలో వస్తారు. ఇదుంటే కుర్చీ తిరగదు. ఇంట్లో స్నానం కుదరదంటే ఆసుపత్రివాళ్లు హార్మ్ గారిని ఇటు పంపరు, నేరుగా వృద్ధాశ్రమానికే."

"ఇంకోసారి కొలువు."

నాలుగుసార్లు కొలిచాను. ప్రతిసారీ జానెడు తక్కువే.

ఇంకో సంగతి. సోమవారమే నీళ్లు కట్టేశాను. అయినా మర్నాడు పొద్దున్నే తొట్టి అడుగు తడిగా ఉంది. తుడిచాను. బుధవారం మళ్లీ తడే, అదీ గోరువెచ్చగా. పైపులో మిగిలిన నీళ్లే అని సర్దిచెప్పుకున్నాను గానీ, దానికి వీపు తిప్పి పనిచేయడం మానేశాను.

ఆ రోజే పది గంటల కాఫీకి ముందు టాయిలెట్‌కి వెళ్లాను. ఇక్కడ అందరిళ్లలో ఉన్నట్టే టాయిలెట్ గోడకి పుట్టినరోజుల క్యాలెండర్. ఆనాటి తేదీ పక్కన 'ఫెన్నా' అని ఉంది. పోయినవాళ్ల పేరు పక్కన సిలువ గీస్తాం కదా, చాలా పేర్లకి ఉంది, దీనికి లేదు. బయటికొచ్చి ముసలమ్మతో కరచాలనానికి చెయ్యి చాచాను. మా దగ్గర ఒకరి పుట్టినరోజైతే ఇంటిల్లిపాదికీ శుభాకాంక్షలు చెప్పాల్సిందే.

"ఫెన్నా పుట్టినరోజు శుభాకాంక్షలమ్మా! మీ అమ్మాయేనా? ఇవాళ వస్తోందా?"

ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"యాభై ఎనిమిదేళ్లయింది నాకెవరైనా ఈ మాట చెప్పి," అంది. "మూడేళ్లది. ఆ తొట్టి నీళ్లలో కూర్చోబెట్టి, రొట్టెల బండివాడొస్తే తలుపు తీయడానికి వెళ్లాను. ఒక్క నిమిషం, నాయనా."

నా నోరు పడిపోను, అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె బీరువాలోంచి తువ్వాలు తెచ్చి తొట్టిలోకి వంగింది. "లే తల్లీ, నీళ్లు చల్లారిపోతున్నాయి. నాన్న వస్తున్నాడు." తువ్వాలు చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని పడకగదిలోకి నడిచింది. నడిచినంత మేరా నేలమీద నీటిచుక్కలు.

"ఇక పగలగొట్టు," అంది తలుపు మూస్తూ.

సమ్మెట ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

అనుకున్న శుక్రవారానికి హార్మ్ వచ్చాడు. కుర్చీ ఒక్క తిప్పులో తిరిగింది. నేను పరిచిన కొత్త పలకల వంక చూడనైనా లేదు. తొట్టి ఉండే మూలనే చూస్తూ, "ఆల్టియె, పాపనెక్కడ పడుకోబెట్టావ్?" అన్నాడు.

"మన మంచం మీదే. మెల్లగా మాట్లాడు," అంది ఆమె.